నవంబరు పదకొండు దాకా

పాత పొట్లాన్ని రెండు చేతులతో తీసి సంచిలో పెట్టుకుని, కొత్తదాన్ని వెనక్కి తిప్పి తేదీ చూశాడు మింగ్‌థాంగ్. మార్చి పదిహేడు. ఇంకా ఆరు నెలలుంది. జేబులోంచి నల్ల మార్కర్ తీసి ఆ తేదీని పొట్లం ముందువైపు పెద్ద అంకెలతో రాసి, లిఫ్టు మోటారు పక్కనున్న ఇనుప బీరువా నెత్తిన నిలబెట్టాడు. ఒక అడుగు వెనక్కి వేసి చూశాడు. కొంచెం వాలినట్టుంది. మళ్ళీ సరిచేశాడు.

అది కొబ్బరి రుచి వేసిన మొక్కజొన్న బొరుగుల పొట్లం. పిల్లల తిండి. ‘బుద్ధిగా ఉండు’ అన్న మాటే దాని పేరు. తైపేయ్‌లో యంత్రాలతో బతికేవాళ్ళు ఇది లేకుండా పని మొదలుపెట్టరు. షరతులు మూడే. రంగు ఆకుపచ్చే కావాలి. గడువు దాటకూడదు. యంత్రం మీద ఉన్నంతకాలం దాన్ని ఎవరూ విప్పకూడదు, తినకూడదు. పద్నాలుగేళ్ళ కిందట ఆకుపచ్చవి దొరక్క ఒకసారి పసుపు పొట్లం పెట్టాడు. ఆ వారమే పెళ్ళికూతురితో సహా లిఫ్టు ఆరో అంతస్తుకీ ఏడో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. బేరింగు అరిగిందని కంపెనీ కాగితంలో రాశాడు గానీ, అసలు సంగతి ఏమిటో అతనికి తెలుసు.

పొట్టి మనిషి. భుజాలు వెడల్పు. యాభై ఆరేళ్ళు. కుడిచేతి ఉంగరపు వేలికి గోరు లేదు. ఎప్పుడో లిఫ్టు తాడు కింద పడి పోయింది. మోకాళ్ళు అరిగి, మెట్లు దిగేటప్పుడు పక్కకి తిరిగి దిగుతాడు. చొక్కాకి మెరిసే పట్టీలు, మెడలో తాళాల గుత్తి. నగరంలో డెబ్బై రెండు లిఫ్టులు అతని చేతికింద ఉన్నాయి. అతను కాపురముండే ఇంటికి ఒక్కటీ లేదు. నది అవతల సాంచోంగ్‌లో ఐదో అంతస్తు, పాత భవనం. దాన్ని పడగొట్టి లిఫ్టుతో కొత్తది కట్టిస్తామని ఒక కంపెనీ పన్నెండేళ్ళ కిందట సంతకాలు చేయించుకుంది. పది ఇళ్ళల్లో తొమ్మిది ఇళ్ళవాళ్ళు చేశారు. మూడో అంతస్తు ముసలాయన చేయలేదు. ఆయన పోతే కొడుకు చేస్తాడన్నారు. ఆయన పోయాడు. కొడుకు ఆలోచిస్తానన్నాడు. మింగ్‌థాంగ్ దంపతులు ఆగి చూద్దాం అనుకున్నారు.

ఆగి చూద్దాం అన్నది ఆ ఇంట్లో ఉప్పూకారంలా రోజూ వాడే మాట. పిల్లల విషయంలోనూ అలాగే ఆగి చూశారు.

కింద గదిలో కాపలాదారు ఫాన్, టీవీ పెట్టుకుని కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి, నోటికి తాళం ఉండదు.

“ఏం బాబూ, మీ దేవుడికి నైవేద్యం మార్చావా?”

“మార్చా. తుఫాను ఎప్పుడంట?”

“ఒకడు రేపంటాడు, ఒకడు ఎల్లుండంటాడు. దానికీ తెలిసినట్టు లేదు ఎప్పుడు రావాలో.” టీవీ గొంతు తగ్గించాడు ఫాన్. “ఇంట్లో ఎలా ఉంది?”

“బానే ఉంది. ఆడుకుంటోంది.”

“ఆడుకోవడమేంటయ్యా?”

“బైకు పందెం. కంప్యూటర్లో.”

“ఈ వయసులోనా!” ఫాన్ నవ్వాడు. తర్వాత, నవ్వకూడదేమో అనుకున్నట్టు ఆపేశాడు. మింగ్‌థాంగ్‌కి మాత్రం ఎవరైనా ఇంకొంచెంసేపు నవ్వితే బాగుండనిపించింది.

మింగ్‌థాంగ్ భార్య బీయున్ ఇరవై రెండేళ్ళు స్కూటరు మీద మధ్యాహ్నం భోజనం డబ్బాలు పంచింది. వెనక పెద్ద పెట్టె, ముందు కాళ్ళ దగ్గర ఇంకొక పెట్టె. సాంచోంగ్ సందుల్లో ఆమెను దాటి ముందుకి పోయిన మగాడు లేడని ఆమే చెప్పుకునేది. జూన్‌లో కడుపులో గడ్డ తేలింది. స్కూటరు తాళాలు గోడకి తగిలించింది. అప్పుడు ఏదో ఆఫీసులో పారేస్తుంటే మింగ్‌థాంగ్ ఎత్తుకొచ్చిన కంప్యూటరు, పంతొమ్మిది అంగుళాల పాత తెర ముందు కూర్చుని బైకు పందేలు మొదలుపెట్టింది. యాభై మూడేళ్ళ మనిషి. ముఖం తెలియని కుర్రకారుతో పోటీ.

ఆ తెర ఆఫీసు లెక్కలకి పనికొచ్చేదే గానీ పందేలకి కాదు. వేగం పెరిగేసరికి ముందున్న ప్రతి బండీ వెనక ఒక మసక తోక లాక్కుంటూ పోయేది. మలుపు కనబడేలోగా మలుపు దాటిపోయేది. అందుకని మింగ్‌థాంగ్ పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. దారి మొత్తం బట్టీ పట్టాడు. “ఎడమ వస్తోంది, బీయున్. ఎడమ. ఇప్పుడు కుడి, చిన్నది. మళ్ళీ ఎడమ.” ఆమె కళ్ళు తెర మీద, చెవులు అతని మీద.

ఆగస్టులో ఆస్పత్రికి వెళ్ళినప్పుడు ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టి డాక్టరు అతన్ని లోపలికి పిలిచాడు. చిన్నవాడు, మర్యాదస్తుడు. “ఈ ఏడాది చివర్లో మీ ఇంట్లో శుభకార్యాలేమైనా పెట్టుకున్నారా? పెట్టుకుంటే కాస్త ముందుకి జరుపుకోండి” అన్నాడు. మింగ్‌థాంగ్ “ఏమీ లేవు” అన్నాడు. బయటికొచ్చి “రక్తం బాగా పట్టాలన్నాడు, అంతే” అని ఆమెతో చెప్పాడు.

ఆ రోజే దారిలో ఎలక్ట్రానిక్స్ బజారులో ఆగారు. ఆమె మూతికి మాస్కు, తలకి ఊలు టోపీ. ఒక కొట్టు ముందు ఇరవై ఏడు అంగుళాల తెర వెలుగుతోంది. అందులో ఆమె ఆడే పందెమే. ఏ బండికీ తోక లేదు. రోడ్డు మీద గులకరాళ్ళు కూడా విడివిడిగా కనబడుతున్నాయి. బీయున్ గంటసేపు నిలబడి ఆడింది. తర్వాత ధర చూసి పెదవి విరిచింది.

“ఇప్పుడెందుకు? నవంబరు పదకొండుకి అందరూ ధరలు తెగ్గోస్తారు. అప్పుడు కొందాం.”

ఆ మాట విన్నప్పుడు అతనికి ఎంత సంతోషం కలిగిందో చెప్పలేం. నవంబరులో కొందామందంటే నవంబరులో ఉంటాననేగా. డాక్టరు చెప్పింది ఒకపక్క, ఈ మాట ఒకపక్క. రెండోదే పట్టుకున్నాడు. మరి ఈ లోపలే పెట్టె మోసుకుని ఇంటికి వెళితే? “అదేంటి, నవంబరు అనుకున్నాంగా?” అని అడుగుతుంది. దానికి జవాబేముంది? ఆ పెట్టె డాక్టరు మాటను ఇంట్లోకి మోసుకొచ్చినట్టే. ఇంత ఆలోచించాడు గానీ, రోజులు గడిచేకొద్దీ ఆమె గిన్నెలో మిగిలిపోయే గంజి ఎక్కువవుతుండడం కూడా చూస్తూనే ఉన్నాడు. కొనాలనీ ఉంది, కొనకూడదనీ ఉంది. రాత్రి పడుకుంటే ఇదే, లిఫ్టు తాడుకి గ్రీజు పూస్తుంటే ఇదే.

పొట్లం మార్చిన రోజు మధ్యాహ్నం భోజనం మానేసి బజారుకి వెళ్ళాడు.

కొట్టు యజమానురాలు యూచిన్ నలభై ఏళ్ళది. చెవి వెనక పెన్ను, మెడలో కళ్ళజోడు. అతన్ని చూడగానే నవ్వింది.

“మళ్ళీ వచ్చావా అన్నా? నువ్వు చూసి చూసి ఆ తెరకి దిష్టి తగిలేట్టుంది.”

“ధర ఏమైనా మారిందా?”

“మారితే నేనే ఫోన్ చేస్తాగా. ఈ నెలలో కొనేవాణ్ణి చూస్తే నాకే జాలేస్తుంది. నవంబరు పదకొండు దాకా ఆగు. నన్నడిగితే జనవరి దాకా ఆగు. కొత్త రకం వస్తోంది. దాని ముందు ఇదెందుకూ కొరగాదు.”

“జనవరా?”

“అవును, పండగ ముందే.”

జనవరి! అతని ముఖం విప్పారింది. నవంబరు కంటే జనవరి రెండు నెలలు దూరం. సాయంత్రం వెళ్ళి బీయున్‌తో జనవరి దాకా ఆగుదామంటే, ఆమె సరేనంటే? ఎంత పిచ్చి లెక్కో అతనికి తెలియకపోలేదు. అయినా ఆ క్షణాన ఆ లెక్క అతనికి తీపిగానే ఉంది.

“అక్కని తీసుకురాలేదేం?” అంది యూచిన్. “మొన్న ఆమె పెట్టిన టైము మా కొట్టుకొచ్చే కుర్రాళ్ళెవరూ దాటలేదు తెలుసా? ఇప్పటికీ మొదటి వరసలో ఆమే ఉంది. చూడు.”

“మెట్లు దిగలేకపోతోంది.”

“ఎన్నో అంతస్తు?”

“ఐదు.”

“లిఫ్టు...” అనబోయి అతని చొక్కా మీద కంపెనీ పేరు చూసి నాలుక కరుచుకుంది యూచిన్. కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుంది. తర్వాత గొంతు తగ్గించింది.

“అన్నా, ఇవాళే పట్టుకెళ్ళు. నవంబరు ధరకే ఇస్తా. మా ఆయనకి చెప్పన్లే.”

“వద్దమ్మా.”

“నవంబరు ధరకే అంటున్నాగా! రేపు తుఫాను. కొట్టు తియ్యను. పెట్టె నీ స్కూటరుకి నేనే కడతా, పద.”

అప్పటిదాకా ధర ఒకటి అతనికి అండగా ఉంది. ఎవరడిగినా ధర కోసం ఆగుతున్నాం అనేవాడు. ఇప్పుడా అండ కూడా పోయింది. కొట్టు మధ్యలో రెండు చేతులూ వేలాడేసుకుని నిలబడిపోయాడు.

“ధర కాదమ్మా” అన్నాడు. “నవంబరులోనే కొంటాం. అలా అనుకున్నాం.”

యూచిన్ తన సొంత నంబరు ఒక కాగితం మీద రాసి అతని జేబులో తనే పెట్టింది.

మధ్యాహ్నం నుంచీ తుఫాను పనులు. లిఫ్టు గుంతల్లోకి నీళ్ళొస్తాయి గనక మనుషులెక్కే పెట్టెలన్నీ పై అంతస్తులకి తెచ్చి ఆపాలి, కరెంటు తీయాలి, తలుపుకి బోర్డు తగిలించాలి. నాలుగో భవనంలో ఒకావిడ కూరల సంచితో లోపల ఇరుక్కుపోయింది. మింగ్‌థాంగ్ తలుపుకి నోరానించి ముప్ఫై ఏళ్ళుగా అందరికీ చెప్పే మాటే చెప్పాడు.

“ఏమీ కాదమ్మా, ఆగండి. పది నిమిషాలు.”

“పదంటే పదేనా?” లోపల్నుంచి దబాయించింది ఆవిడ.

“పదే.”

తాళం తిప్పి తలుపు లాగితే ఆవిడ ముల్లంగి దుంపలతో సహా బయటపడి అతన్ని దీవించింది. నగరంలో ఏ తలుపైనా తెరిచే తాళాలు అతని మెడలో ఉన్నాయి. వాటిని చొక్కా లోపలికి తోసేసుకుని స్కూటరెక్కాడు. వంతెన మీద గాలి అప్పుడే అటూ ఇటూ తోస్తోంది.

ఐదు అంతస్తులు ఎక్కి తలుపు తీసేసరికి ఆరున్నర. బీయున్ మూడు దిండ్లకి ఆనుకుని తెర ముందు కూర్చుని ఉంది. చేతులు సన్నబడి గాజు మోచేతి దాకా జారింది. దవడ కదులుతోంది. ఏదో నములుతోంది.

మింగ్‌థాంగ్ తెర నెత్తిన చూశాడు. ఆదివారం అతను పెట్టిన ఆకుపచ్చ పొట్లం నోరు తెరుచుకుని ఉంది.

“బీయున్! అది తిన్నావా?”

“మూడే తిన్నా.”

“యంత్రం మీది! యంత్రం మీదిది తినకూడదని నీకు తెలీదా? ఇరవై ఆరేళ్ళ కాపురం చేశావ్ నాతో!”

“ఇరవై ఆరేళ్ళూ లిఫ్టుల ఎంగిలే పెట్టావుగా నాకు. అవి దింపేసిన పొట్లాలు. ఇవాళ తాజాది తినాలనిపించింది.” ఆమె వేలికున్న పొడి నాకింది. “ఆకలేసింది, ముసలోడా.”

ఆకలేసింది! ఆ మాట ఆ ఇంట్లో వినబడి తొమ్మిది రోజులైంది. అతనికి కోపం ఎటు పోయిందో పోయింది. గబగబా వంటింట్లోకి వెళ్ళి చిలగడదుంప గంజి పొయ్యి మీద పెట్టాడు. అంతలోనే మళ్ళీ భయం. విప్పిన పొట్లం యంత్రం మీద ఉంటే ఉన్నట్టా, లేనట్టా? కొత్తది పెడదామంటే సంచిలో ఒక్కటీ మిగల్లేదు. బాల్కనీలోంచి బట్టల క్లిప్పు తెచ్చి పొట్లం మూతి మడిచి బిగించి, మళ్ళీ తెర నెత్తిన నిలబెట్టాడు. బీయున్ ఇదంతా చూసి నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది.

గంజి రెండు చెంచాలు తాగింది. అంతే. గిన్నె పక్కన పెట్టి అతను స్టూలు మీద కూర్చున్నాడు. పొద్దున్నుంచి కూడబెట్టుకున్న మాట బయటికి తీశాడు.

“ఇవాళ బజారుకెళ్ళా. జనవరిలో కొత్త రకం వస్తోందంట. ఇంకా బాగుంటుందంట. జనవరి దాకా ఆగుదామా?”

తెర మీద ఆమె బండి రోడ్డు పక్కన ఆగి ఉంది. ఆమె అతని చేయి తీసుకుని, గోరు లేని వేలు మీద బొటనవేలితో రుద్దింది.

“నవంబరు అన్నానే, అది నీకోసం అన్నా.”

“నాకోసమా?”

“ఆస్పత్రి గదిలోంచి బయటికొచ్చినప్పుడు నీ మొహం చూశా. ఎదురుచూడ్డానికి ఏదోకటి లేకపోతే నువ్వు నిలబడలేవు. అందుకని అన్నా.” ఊపిరి తీసుకుంది. “జనవరి దాకా నావల్ల కాదు. నవంబరూ కాదు. రేపు పట్రా. నాలుగు రోజులు తోకల్లేకుండా ఆడుకుంటా.”

ఇన్నాళ్ళూ ఆమెకి తెలియకూడదని అతను ఆగాడు. అతను తట్టుకోలేడని ఆమె ఆగింది. ఇద్దరి మధ్యా ఆ తెర కొట్టులోనే ఉండిపోయింది. ఇవాళ మధ్యాహ్నం చేతిలో పెడుతుంటే వద్దన్నాడు. ఆ సంగతి ఆమెకి చెప్పడానికి ధైర్యం చాల్లేదు.

“కొత్తదొస్తే నువ్వు పక్కన కూర్చుని అరవక్కర్లేదు” అంది ఆమె.

“కూర్చుంటాలే.”

“కూర్చో. ఊరికే కూర్చో.”

జేబులోని కాగితం తీసి వంటింట్లోంచి యూచిన్‌కి ఫోన్ చేశాడు. అప్పటికే కొట్టు మూసి ఇంటికి వెళ్ళిపోయింది. “రేపెలాగైనా తీస్తాలే అన్నా” అంది. ఎనిమిదింటికి టీవీలో ప్రకటన వచ్చింది. రేపు బడులు లేవు, పనులు లేవు, అందరూ ఇళ్ళల్లోనే ఉండాలి, వంతెన మీద స్కూటర్లు నిషేధం. ఏటా ఈ ప్రకటన వింటే ఊరంతా సెలవొచ్చిందని సంబరపడుతుంది. పక్కింటివాళ్ళు చప్పట్లు కొట్టడం గోడలోంచి వినబడింది.

తుఫాను రెండు రోజులుంది. కిటికీ అద్దాలకి అతను అడ్డంగా టేపు అంటించాడు. సందుల్లో గుడ్డలు కుక్కాడు. బీయున్ ఎక్కువగా నిద్రపోయింది. మెలకువ వచ్చినప్పుడల్లా “తగ్గిందా?” అని అడిగింది. అతను “పది నిమిషాలు, ఆగు” అన్నాడు. రెండో రోజు మధ్యాహ్నం వాన సన్నబడింది. అతను వంటింట్లో గంజి కలుపుతున్నాడు. తగ్గిందని చెప్పడానికి వచ్చేసరికి ఆమె లేదు. దిండ్ల మీద తల పక్కకి వాలి ఉంది, అంతే. తెర మీద ఆమె బండి రోడ్డు పక్కన ఆగే ఉంది.

సాయంత్రం ఆమెను మోసుకెళ్ళడానికి నలుగురు మనుషులు వచ్చారు. మెట్లు ఇరుకు. వాళ్ళలో పెద్దాయన మెల్లగా చెప్పాడు. “మలుపు వచ్చినప్పుడల్లా మీరు పిలిచి చెప్పాలండీ. లేకపోతే ఆమెకి దారి తెలీదు, ఇక్కడే ఉండిపోతుంది.” అది అక్కడి ఆచారం. మామూలుగా ఇంటివాళ్ళకి ఏడుపులో మాట పెగలదు, పెద్దాయనే అందిస్తుంటాడు. మింగ్‌థాంగ్‌కి ఎవరూ అందించాల్సిన పని లేకపోయింది. వాళ్ళ వెనకే, పక్కకి తిరిగి ఒక్కొక్క మెట్టూ దిగుతూ, రోజూ స్టూలు మీద కూర్చుని చెప్పిన గొంతుతోనే చెప్పాడు.

“ఎడమ వస్తోంది, బీయున్. ఎడమ. ఇంకొకటి, మళ్ళీ ఎడమ. ఇది మూడో అంతస్తు. మెల్లగా. ఎడమ.”

వంతెన ఎక్కినప్పుడు వంతెన అని చెప్పాడు, దిగినప్పుడు దిగామని చెప్పాడు. నది నిండా బురదనీళ్ళు. అంత్యక్రియల దాకా ఆమెను ఉంచబోయే భవనంలో కింద లిఫ్టు ఉంది. తలుపు తెరుచుకున్నప్పుడు పెద్దాయన అతని వైపు చూశాడు.

“లిఫ్టు వచ్చింది, బీయున్” అన్నాడు మింగ్‌థాంగ్ చివరికి. “ఇక మెట్లు లేవు.”

మర్నాడు బజారు తెరిచారు. యూచిన్ ఫోన్ చేసింది. “అన్నా, పెట్టె కట్టించి ఉంచా. నేనే తెచ్చివ్వనా?”

“ఆగమ్మా” అన్నాడతను. ఎందుకన్నాడో అతనికే తెలియదు. “ఇప్పుడు కాదు. కాస్త ఆగు.”

ఫోన్ పెట్టేసి, మూడు దిండ్లూ సర్ది, స్టూలు గోడ వారగా జరిపాడు. కంప్యూటరు ఆపాడు. పాత తెర మీద మాత్రం చెయ్యి వేయలేదు. దాని నెత్తిన, మూడు బొరుగులు తగ్గిన ఆకుపచ్చ పొట్లం బట్టల క్లిప్పుతో మూతి బిగించుకుని, కొంచెం పక్కకి వాలి నిలబడి ఉంది; దాని మీద అతని నల్లటి అంకెల్లో, మార్చి పదిహేడు.